తెగులు రాని గులాబీలు

సాయంత్రం నాలుగు దాటింది. పొద్దుట్నుంచీ మబ్బు. చినుకు లేదు, ఎండా లేదు.

జైతూన్‌బీ దర్గా వెనక గులాబీ మడిలో గొంతుక్కూర్చుని ఉంది. ఆమె ముందున్న మొక్క ఆకులన్నీ పిండి చల్లినట్టు తెల్లబడ్డాయి. బూడిద తెగులు. మడిలో తక్కినవి పచ్చగానే ఉన్నాయి. వాటి వంక ఆమె చూడలేదు.

ఈ ఒక్కటీ పెద్దకొడుకు ఖాదర్‌వలీ నాటింది. నిరుడు వానల్లో లారీ గుద్ది ఖాదర్ పోయాడు. అప్పట్నుంచీ ఆమెకి పొద్దంతా ఇక్కడే. ఇంట్లో ఇంకా ఇద్దరు పిల్లలున్నారు. ఇంత వండి మూతపెట్టి వచ్చేస్తుంది.

నర్సరీ ఆయన సిలికాన్ మందు ఇచ్చాడు. వడ్ల ఊకకి గరుకునిచ్చేది అదేనట. ఆకుకి పడితే తెగులు లోపలికి అంత తేలిగ్గా దిగలేదట. వారం వారం పోసింది. తగ్గలేదని మోతాదు పెంచింది. ఇప్పుడు ఆకుల అంచులు కూడా మాడాయి.

గురువు పీరాన్ బాబా కర్ర ఊతంతో మెల్లగా వచ్చాడు.

"బాబా, ఇది బతికేట్టు దువా చెయ్యండి. ఇదీ పోతే నాకింకేం మిగల్లేదు."

బాబా మాడిన ఆకుని వేళ్లతో తడిమాడు. "ఇంకో చెంచా, ఇంకో చెంచా అని పోశావా? సేమ్యా పాయసంలో చక్కెరనుకున్నావా తల్లీ?"

ఆమె నవ్వలేదు.

పక్కనే బకెట్లో మందు కలిపిన నీళ్లున్నాయి. బాబా మగ్గు ముంచి, పక్క మొక్క మొదట్లో పోశాడు. తర్వాత దాని పక్కదానికి.

"బాబా! అది నా ఖాదర్ మొక్కకి కలిపింది!"

ఆయన ఆగలేదు.

"వాటికేం రోగం? నిక్షేపంగా ఉన్నాయి కదా!"

"అందుకే." మళ్లీ మగ్గు ముంచాడు. "దానికి తెగులు పట్టేసింది. వీటికింకా పట్టలేదు."

బకెట్ ఖాళీ అయింది.

"అయితే దీన్ని వదిలెయ్యమంటారా?"

బాబా మట్టిలోనే చతికిలబడి, తెల్లబడ్డ ఆకుల్ని ఒక్కొక్కటే తుంచి ఒళ్లో వేసుకున్నాడు, పసిబిడ్డకి గోళ్లు తీస్తున్నంత నెమ్మదిగా. కాసేపటికి ఆమె కూడా చెయ్యి కలిపింది.

"చాల్లే," అన్నాడు చివరికి. "ఇవాళ పొద్దు గూకకముందే ఇంటికి పో."

ఆమె ఇల్లు చేరేసరికి కూతురు షంషాద్ అప్పుడే కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తోంది. "ఏమ్మీ, ఇంత పెందలాడే వచ్చావ్? ఒంట్లో బాలేదా?"

జైతూన్‌బీ గడపలోనే నిలబడిపోయింది. పిల్ల చిక్కిపోయింది. ఎప్పుడు చిక్కిందో తెలీదు.

వీధి మలుపులో బండి చప్పుడు. చిన్నకొడుకు కాలేషా దిగుతూనే చెల్లెలితో అన్నాడు, "ఇవాళ మనింటికి చుట్టాలొచ్చారే!"

ఆమె కూతురి తలమీద చెయ్యి వేసింది. "ఒకటి."

కొడుకు మణికట్టు పట్టుకుంది. "రెండు."

"ఏం లెక్కమ్మీ ఇది?" అన్నాడు కాలేషా.

"ఇల్లు చేరినవాళ్లది," అంది. చెయ్యి వదల్లేదు.