వెల్లకిలా పడ్డ ఆకు

తుమ్మికొండ అడవిలో ఎలుగుబంటి గుమ్మయ్య, దుప్పి పొగడమ్మ, ముంగిస చురకయ్య, ఒక చిన్న ఉడుత ఉండేవారు. ముసురు పట్టిందంటే చాలు, నలుగురూ గుమ్మయ్య గుహలో చేరి ఆకులాట ఆడుకునేవారు. మోదుగాకులకు ఒకవైపు బొమ్మలు గీసి, బోర్లించి పంచుతారు. పులి బొమ్మలు ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లదే గెలుపు.

పంచే పని ఎప్పుడూ గుమ్మయ్యదే. భార్య పోయాక ఆ ముసలాడికి మిగిలిన సంబరం అదొక్కటే పాపం. కాకపోతే వయసు మీదపడింది కదా, పంజా వణికేది.

ఒకనాడు పంచుతుంటే ఒక ఆకు చురకయ్య ముందు వెల్లకిలా పడింది. చూస్తే పులి.

"నా ముందు పడింది కాబట్టి నాదే" అని చురకయ్య దాన్ని లాక్కున్నాడు. గెలిచాడు కూడా. పోనీలే అని అందరూ వదిలేశారు.

మరుసటి ఆటలో ఉడుత ముందు పులి వెల్లకిలా పడింది.

"ఇది చెల్లదు. మళ్లీ కలిపి పంచాలి" అన్నాడు చురకయ్య. అంతటితో ఊరుకున్నాడా? "కావాలనే తిప్పుతున్నావు మామా. నీ చేతికి ఆకులివ్వడం మాదే తప్పు" అని నోరు జారాడు.

గుమ్మయ్య మనసు చివుక్కుమంది. "మోసం నాకు చేతకాదు అల్లుడూ. చెయ్యి వణికింది, అంతే" అన్నాడు. ఆకులు కింద పెట్టేశాడు. ఇక తనను ఆటకు పిలవొద్దని చెప్పి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

పొగడమ్మ పంచిన ఆకులన్నీ వెనక్కి తీసుకుని ఒకచోట పోగుచేసింది.

"ఆకు తిరగబడితే ఏం చేయాలో మనం ముందే అనుకోలేదు. అదీ మన పొరపాటు" అంది. "చురకయ్యా, ఇప్పుడు ఎవరి చేతిలోనూ ఆకుల్లేవు. నువ్వే చెప్పు. పడిన చోటే ఉంచుదామా, అన్నీ కలిపి మళ్లీ పంచుదామా? ఏదైనా సరే, అందరికీ అదే."

"మళ్లీ పంచుదాం" అన్నాడు చురకయ్య.

పొగడమ్మ బతిమాలి గుమ్మయ్య చేతికి ఆకులిచ్చింది.

ఈసారి చురకయ్యకు వరసగా మూడు పులులు వచ్చాయి. వాడి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. సరిగ్గా అప్పుడే, ఆఖరి ఆకు ఉడుత ముందు వెల్లకిలా పడింది. అది ఉత్త కుందేలు బొమ్మ.

గుమ్మయ్యకు ముచ్చెమటలు పోశాయి. మళ్లీ దొంగ అంటారేమోనని పంజాలు రెండూ ఒళ్లో దాచుకున్నాడు.

"నాకు మూడు పులులొచ్చాయి" అన్నాడు చురకయ్య ఏడుపు గొంతుతో. మామ వంక చూశాడు. ఒళ్లో దాచుకున్న ఆ పంజాలు చూసేసరికి వాడికి సిగ్గేసింది. మూడు పులుల్నీ తీసి తక్కిన ఆకుల్లో తనే కలిపేశాడు.

"నీ తప్పేం లేదు మామా. నువ్వే పంచు" అన్నాడు.

ఆ ఆటలో చురకయ్యకు ఒక్క పులి కూడా రాలేదు. ఉడుత గెలిచింది. గుమ్మయ్య మాత్రం ఓడిన అల్లుణ్ణి దగ్గరకు లాక్కుని, వణికే చేత్తోనే చాలాసేపు తల నిమిరాడు.

నీతి: ఆటకు ముందే నియమం పెట్టుకోవాలి, మనకు నష్టం వచ్చినప్పుడు కూడా దానికి కట్టుబడాలి.