పోలయ్య గడప

పోలయ్యకి సన్యాసం కావాలి. అదీ ఇప్పుడే కావాలి. నరసింగస్వామి ఆశ్రమంలో చేరి మూడేళ్లయినా మనిషికి కుదురు లేదు. ధ్యానంలో కూర్చుంటే మోకాళ్లు ఊగుతూనే ఉండేవి. వాటికి కవ్వం కడితే ఆశ్రమానికి సరిపడా మజ్జిగ అవుతుందని వంటచేసే చిట్టెమ్మ అనేది.

స్వామి మాట ఇవ్వకముందే పోలయ్య పంచె కావిలో ముంచి, ఆరేసి, సంచిలో పెట్టుకున్నాడు. ఎందుకైనా మంచిదని రెండు ముంచాడు.

"నాకు ఊరూ లేదు, ఇల్లూ లేదు. అన్నీ వదిలేశాను స్వామీ," అన్నాడు ఆ ఉదయం, నాలుగోసారి.

అతనిది మేడిరేవు పట్నం. పన్నెండేళ్ల కిందట తుపానులో సముద్రం సగం ఊరిని తీసుకుపోయింది, పోలయ్య తల్లితో సహా. మిగతా సగాన్ని జనమే వదిలేసి పోయారు. పోలయ్య మళ్లీ అటు తొంగి చూడలేదు.

"ఒకసారి అక్కడికి వెళ్లొద్దాం. వచ్చాక సన్యాసం ఇస్తాను," అన్నాడు స్వామి.

పోలయ్య స్వామికి అందనంత వేగంగా నడిచాడు. మేడిరేవు చేరాక, పాడుబడ్డ ఐసు ఫ్యాక్టరీ చూపించి మాయ అన్నాడు. సినిమాహాలు చూపించి మాయ అన్నాడు. హాలుకి తెరగోడ ఒక్కటే మిగిలింది. దానిమీద కాకులు టిక్కెట్టు లేకుండా కూర్చుని సముద్రం చూస్తున్నాయి.

చివరి వీధిలో ఒక రాతి గడప, రెండు గుమ్మం కర్రలు ఉన్నాయి. గోడల్లేవు, కప్పు లేదు.

"ఇదే మాది. చూశారుగా, ఏమీ లేదు," అంటూ చెప్పులు విడిచి, నడుం దాకా వంగి గడప దాటాడు.

గాలికి భయపడి ఆ వీధిలో తాటాకు చూరు బాగా కిందికి దించేవారు. వంగనివాళ్లకి నుదుటిమీద బొప్పి ఖాయం. ఇప్పుడు పైన ఆకాశం తప్ప ఏమీ లేదు.

పోలయ్య వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు.

పక్కనుంచి రావడానికి స్వామికి బోలెడు చోటుంది. ఆయన మాత్రం చెప్పులు విడిచి, పొడుగు మనిషి కనుక ఇంకాస్త ఎక్కువ వంగి, ఆ గుమ్మంలోంచే లోపలికి వచ్చాడు.

"చూరు మరీ కిందికుంది నాయనా," అన్నాడు.

"'వంగరా పోలీ' అనేది, అమ్మ," అన్నాడు పోలయ్య. ఇసుకలో కూలబడ్డాడు. మోకాళ్లు ఊగడం లేదు.

చాలాసేపటికి సంచిలోంచి కావిపంచె తీసి మొహం తుడుచుకున్నాడు. కాసేపటికి రెండోది కూడా కావలసి వచ్చింది.