బండ్ల పండుగ

అనగా అనగా కొండకు అటుపక్క ఒక పెద్ద రాజ్యం, ఇటుపక్క ఒక చిన్న రాజ్యం. చిన్న రాజ్యాన్ని నాగాంబిక అనే రాణి ఏలుతుండేది.

ఒక ఏడు ఇటుపక్క చినుకు రాలలేదు, రాజ్యంలో పారే ఏరూ ఎండిపోయింది. జనం విత్తనాలు కూడా వండుకు తినేశారు. సంగతి విని అటుపక్క ముసలిరాజు బండ్లనిండా జొన్నలు పంపాడు. "కొన్ని తినండి, కొన్ని చల్లుకోండి" అని కబురు చేశాడు. రాణికి కళ్ళు చెమర్చాయి. మేలైన గింజలు ఏరించి, బూడిద కలిపి, కుండల్లో దాచింది.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. బండ్లు మాత్రం ఆగలేదు. తేరగా వచ్చేదానికి జనం రుచి మరిగారు. ఏరువాకనాడు అరక కట్టడం మాని, బండ్లొచ్చే రోజునే కొత్తబట్టలు కట్టి పండుగ చేసుకోసాగారు. రాణి ఒక్కతే ఏటా కోట వెనక చేను విత్తించి, కుండల్లో విత్తనం మార్చి, మిగిలింది పాతరలో పోయించేది.

"ఊరికే వస్తుంటే దున్నడమెందుకు తల్లీ?" అని మంత్రి సోమన నవ్వాడు. జనం ఆమెకు కుండల రాణి అని పేరు పెట్టారు. ఆ మాట ఆమెను నొప్పించింది.

ముసలిరాజు పోయి కొడుకు గద్దెనెక్కాడు. ఈసారి బండ్లలో పిండి వచ్చింది. తిరగలి విసిరే పని తప్పిందని జనం మురిసిపోయారు. రాణి చిటికెడు పిండి నలిపి చూసింది.

"మంత్రీ, ఇది చల్లితే మొలవదు. ఏటా మనం అడుగుతూనే ఉండాలని పంపారు."

తరవాత మనవడు రాజయ్యాడు. ఈసారి బండ్లు రాలేదు, దూత వచ్చాడు.

"మీ ఏరు మాకు రాసివ్వండి. రేపే పిండి పంపుతాం."

జనం కోట ముందు చేరారు. "ఇచ్చేయండమ్మా, పిల్లలు పస్తులున్నారు!"

రాణి పాతర తెరిపించింది. "పంట చేతికొచ్చేదాకా పలచని అంబలే. కడుపు నిండదు. ఏరు మాత్రం మనదిగానే ఉంటుంది" అంది. ఇంటింటికీ విత్తనాలు కొలిపించింది. అందరికన్నా ముందు సోమనే అరక పట్టాడు. సాళ్ళు వంకర పోయాయి, మొలకలు మాత్రం వచ్చాయి.

కోతలనాడు దూత మళ్ళీ వచ్చాడు. "ఏరు సంగతి ఏం చేశారు?"

రాణి అతని చేతిలో జొన్నల మూట పెట్టింది. "మీ రాజుగారి తాత పంపిన విత్తనమిది. దాచుకోమనండి, ఆయనకూ ఒకనాడు అక్కరకు రావచ్చు."

ఇచ్చేవారి మనసు ఏలిక మారినప్పుడల్లా మారుతుంది. అందుకే పుచ్చుకున్న నాడే రేపటికి విత్తనం దాచుకోవాలి.