ఞ దగ్గర ఆగిపోయిన ఊరు

అనగనగా ఒక ఊరు కాదర్రా, రెండు ఊళ్ళు. ఒకటి కొండ మీద, ఒకటి కొండ కింద. పైదాని పేరు రాళ్ళమెట్ట, కిందిదాని పేరు నిండుమడి. పేర్లు వింటేనే తెలిసిపోతోంది కదూ, ఎవరింట్లో ఏం వండుకుంటారో. నిండుమడిలో రెండు పంటలు వరి. రాళ్ళమెట్టలో చోళ్ళు, అవి కూడా వాన కరుణిస్తేనే. చోళ్ళంటే తెలీదా తరుణ్? మీ అమ్మ డబ్బాలోంచి తీసి, పాలల్లో కలిపి, రాగిమాల్ట్ అని ఇస్తుందే, ఆ రాగులే. ఇప్పుడు వాటికి మర్యాద వచ్చింది. అప్పుడు లేదు.

ఈ రెండు ఊళ్ళకీ రాజు ఒకడే. మంచివాడు. ఆ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే అతను చేసిన పని వింటే మీరు చెడ్డవాడనుకుంటారు. కాదు, పిల్లలంటే ప్రాణం అతనికి. ఊరూరా బడి ఉండాలన్నాడు. బడి ఉండాలంటే పంతులు ఉండాలి, పంతులు ఉండాలంటే ఆయనకి తిండి ఉండాలి. అందుకని ఒక ధర్మం పెట్టాడు. ఏ ఊళ్ళో పండిన పంటలో పదోవంతు ఆ ఊరి బడికే. కొండకీ పల్లానికీ ఒకటే లెక్క, పెద్దింటికీ చిన్నింటికీ ఒకటే లెక్క. దివాను ఆ మాట దండోరా వేయిస్తే జనం సంతోషించారు. రాళ్ళమెట్టవాళ్ళు కూడా సంతోషించారు, పాపం.

ఊ అనండర్రా. అనకపోతే గోడకి చెప్పుకుంటున్నట్టుంది నాకు.

నిండుమడి పదోవంతుతో గాదె నిండిపోయింది. బడికి పెంకుల కప్పు, ముగ్గురు పంతుళ్ళు. ఒకాయన అక్షరాలకి, ఒకాయన లెక్కలకి. మూడో ఆయన ఎందుకంటే, గింజలున్నాయి కనుక ఆయనా ఉన్నాడు. చెప్పడానికి పిల్లలు మిగలక ఒక చిలకని పెంచి దానికి పద్యాలు నేర్పుతూ ఉండేవాడు. రాళ్ళమెట్ట పదోవంతు మాత్రం ఒక మూలకి సరిపోయేది. కార్తీకంలో కోతలయ్యాక పంతులు వచ్చేవాడు. మాఘం వచ్చేసరికి గింజలు అడుగంటేవి. అప్పటికి పిల్లలు అ ఆ ఇ ఈలు అయ్యి, క ఖ గ ఘ ఙ అయ్యి, చ ఛ జ ఝ ఞ దగ్గరికి వచ్చి ఉండేవారు. పంతులు చెంబు సంచిలో వేసుకుని, నన్ను తప్పు పట్టకండి నాయనా అని కొండ దిగిపోయేవాడు. మరుసటేడు ఇంకో పంతులు. ముందాయన ఏం చెప్పాడో ఎవరు చూశారు, మొదటినుంచీ కానివ్వండి అనేవాడు. మళ్ళీ అ, మళ్ళీ ఆ. మళ్ళీ మాఘం, మళ్ళీ ఞ. మళ్ళీ చెంబు, మళ్ళీ సంచి, మళ్ళీ కొండ దిగడం.

అలా ఎన్ని తరాలు గడిచాయో. తాతలకీ ఞ వరకే, మనవలకీ ఞ వరకే. కానీ అంతవరకు ఎంత బాగా వచ్చునంటే, గాఢనిద్రలో లేపి అడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్పేవారు. ఇంకో విచిత్రం వినండి. ఆ తరవాత ఇంకేవో అక్షరాలున్నాయని వాళ్ళు విన్నారు. కానీ అవి పల్లం అక్షరాలనుకునేవారు. వరి మన మెట్ట మీద పండుతుందా? పండదు. అవీ అంతే, వాటికి నీళ్ళు కావాలి అని పెద్దవాళ్ళు చెబితే పిల్లలు నమ్మేవారు. నవ్వకు హాసినీ. మనకి దొరకనిది మనకి తగదనుకుంటే గుండెకి కాస్త తేలికగా ఉంటుంది.

ఆ ఊరి పిల్ల తవిటమ్మ. ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని వాళ్ళమ్మ ఈ పిల్లని చేటలో పడుకోబెట్టి పొరుగావిడ చేతికిచ్చి, దోసెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది. అందుకని ఆ పేరు. మా మేనత్త పేరు కూడా అదే, కానీ ఆవిడ కథ వేరు, ఇంకోసారి గుర్తుచేయండి. తవిటమ్మకి ఒక చెల్లెలు, బంగారి. అక్క నడిస్తే నడిచేది, అక్క కూర్చుంటే కూర్చునేది. నిండుమడి పెద్దనాయుడి కొడుకు ఎండాకాలం ఆవుల్ని కొండ మీదికి మేపుకి తోలుకెళ్ళి తవిటమ్మని చూశాడు. చేసుకుంటే ఆమెనే అని అన్నం మానేశాడు. ఇక పెద్దనాయుడు ఏం చేస్తాడు? ఒక్క కొడుకాయె. అలా తవిటమ్మ పల్లానికి కోడలై వచ్చింది.

వచ్చిన కొత్తలో తెల్లన్నం చూసి మురిసింది. తరవాత ఒకనాడు నీళ్ళకి వెళ్ళి బడి గోడ పక్కనుంచి వస్తోంది. లోపల పిల్లలు చ ఛ జ ఝ ఞ అన్నారు. ఈమె కూడా లోలోపల అంది. అక్కడ ఆగింది. వాళ్ళు ఆగలేదు! ట ఠ డ ఢ ణ, త థ ద ధ న అంటూ పోతూనే ఉన్నారు. తవిటమ్మ బిందె చంకన పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. వీటికి నీళ్ళూ అక్కర్లేదు, మడీ అక్కర్లేదు. ఈ పిల్లల నోళ్ళు మా బంగారి నోరు లాంటివే కదా అనుకుంది. ఆ రోజునుంచి రోజూ అదే వేళకి నీళ్ళకి వెళ్ళేది. ఇంట్లో కుండలన్నీ నిండిపోయాయి. అత్తగారు, ఏమ్మా, చెరువుని ఇంటికి తెచ్చేస్తావా అనేది.

కోతలకి పుట్టింటికి పంపారు. వెళ్ళి చూస్తే గోడ మీద, కుండ మీద, కోళ్ళగూడు మీద బొగ్గుతో 'అక్క' అని ఉంది. బంగారికి రాయడం వచ్చిన మనిషి అక్క ఒక్కతే. అ వచ్చు, క వచ్చు, క కింద ఇంకో చిన్న క పెడితే సరి, రాయగలదు. 'అమ్మ' రాయలేదు. మ రావాలంటే ఇంకా ఎంత దూరమో. వాళ్ళమ్మ నవ్వుతూ, నన్ను రాయడానికి ఇంకా పంతులు పుట్టలేదే అంది.

తవిటమ్మ చెల్లెల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తను విన్నవన్నీ చెప్పింది. బంగారి కళ్ళు ఇంతింతయ్యాయి.

"ట ఎలాగుంటాది అక్కా?"

"చూళ్ళేదే. గోడవతలనుంచి విన్నాను."

"పోనీ, తరవాతేటి?"

తవిటమ్మకి వరస తప్పిపోయింది. మాటలైతే చెవిలో పడ్డాయి, రూపాలు తెలియవు కదా. ఒట్టి గాలిని మూటగట్టి తెచ్చినట్టుంది. అప్పుడు వాళ్ళమ్మ నెమ్మదిగా చెప్పింది, ఈ ఒక్క ఏడే, వచ్చే ఏటినుంచి బంగారి మేకల వెంట పోవాలి అని. ఎన్నేళ్ళు చదివినా అవే అ ఆలు, దానికి ఇంటిపని మానిపించడమెందుకని నాన్న అంటున్నాడట.

ఊరివాళ్ళు ఊరుకోలేదర్రా, అది కూడా చెప్పాలి. రాజు పదోవంతు అంటే వాళ్ళు తమ కడుపు కట్టుకుని ఐదోవంతు ఇచ్చారు. నిండుమడివాళ్ళకంటే రెట్టింపు కష్టం. కానీ ఆ ఏడు వాన తప్పింది. గుప్పెడులో ఐదోవంతు ఎంత వస్తుంది? ఆ సంగతి రాజు చెవిన పడింది. అయ్యో అనుకుని, మీ బడికి మీరెంత పెడితే నా కొట్లోంచి నేనూ అంత కలుపుతాను అన్నాడు. ఎంత మంచి మాట! నిండుమడివాళ్ళు గాదె పెడితే రాజు ఇంకో గాదె కలిపాడు. చిలకకి వెండి పంజరం వచ్చింది. రాళ్ళమెట్టవాళ్ళు పిడికెడు పెడితే రాజు పిడికెడు కలిపాడు. పంతులు మాఘంలో వెళ్ళాల్సినవాడు మాఘంలోనే వెళ్ళాడు, కాకపోతే కాస్త పొద్దెక్కాక.

తవిటమ్మ ఉండబట్టలేక మామగారిని అడిగింది. "మన గాదెలో ఎలకలు తింటున్నాయి కదా మావా, కొంచెం పైకి పంపితే?"

"మన పంట మన బడికి, వాళ్ళ పంట వాళ్ళ బడికి. ఇందులో అన్యాయం ఏటుందమ్మా? వాళ్ళని నేను పండించుకోవద్దన్నానా?"

తవిటమ్మ వెళ్ళి బియ్యంలో రాళ్ళు ఏరుకుంది.

నిద్రొస్తోందా? లేదా? అయితే అసలు సంగతికి వచ్చాను.

ఆ ఏడే రాజు నిండుమడి బడి చూడ్డానికి వచ్చాడు. చిలక పద్యం చదివింది. రాజు మురిసిపోయాడు. తరవాత పెద్దనాయుడు ఆయన్ని పొలాలకి తీసుకెళ్ళాడు, దివాను వెనకే. వాన తప్పిన ఏడు కదా, చెరువులో నీళ్ళు సగానికి దిగాయి. రాజు చూస్తే, కాలువలో నీళ్ళు దగ్గరి మళ్ళన్నీ దాటుకుని ఎక్కడో చిట్టచివర, శివారున, నెర్రెలు విచ్చిన ఒక మడిలోకి పోతున్నాయి.

"అదేమిటి నాయుడూ? ఎదురుగా ఇంత పెద్ద మళ్ళు పెట్టుకుని ఆ మూలకి పంపుతున్నావు?"

పెద్దనాయుడు మీసం సర్దుకున్నాడు. "అది మా తాతలనాటి కట్టుబాటు మారాజా. చెరువు పక్క మడికి ఊట ఉంది, కూర్చున్న చోటే తాగుతాది. శివారు మడికి మనం పంపితేనే చుక్క. అందుకని నీళ్ళు తక్కువైన ఏడు కర్ర దింపి చూస్తాం. ఎవడి మడి ఎంత పెద్దదని చూడం, ఏ మడి ఎంత ఎండిందని చూస్తాం. ఎండినదానికే ముందు తడి."

అప్పుడే తవిటమ్మ మజ్జిగ తెచ్చింది. ఆ మాట విని ఫక్కున నవ్వింది. నవ్వి, వెంటనే కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

"లోపలికి పో అమ్మీ!" అన్నాడు మామగారు, మజ్జిగ పొలంలో తాగుతున్నారన్న సంగతి మరిచిపోయి.

రాజు మాత్రం, భయపడకు, ఎందుకు నవ్వావో చెప్పు తల్లీ అన్నాడు.

"మా మావ చెప్పింది ఎంతో బాగుంది మారాజా. మడికి ఉన్న న్యాయం మా చెల్లికి లేదేటి అనిపించింది."

దివానుకి కోపం వచ్చింది. "మడి ఎండితే కర్ర పెట్టి కొలుస్తారు. బడి ఎండిందని ఏ కర్రతో కొలుస్తావమ్మా?"

"కొండెక్కండి బాబూ. కొలిచి చూపిస్తాను."

ఎక్కారు. దివాను మూడుచోట్ల కూర్చుని ఎక్కాడు. ఊళ్ళోకి వెళ్ళాక తవిటమ్మ మీసాలు మొలుస్తున్న కుర్రాణ్ణి పిలిచి అక్షరాలు చెప్పమంది. వాడు గడగడా చెప్పి ఞ దగ్గర ఆగాడు. రాజు నవ్వాడు, మరిచిపోయాడేమో అన్నాడు. ఒక నడివయసు మనిషిని అడిగింది. అతనూ అక్కడే ఆగాడు. రాజు నవ్వడం మానేశాడు. పళ్ళూడిన ముసలమ్మ, రాములమ్మ, గోడకి జారబడి కూర్చుని ఉంది. ఆవిడా తడుముకోకుండా అంతవరకు చెప్పి, అక్కడే నోరు మూసేసింది. కాలువలో నీళ్ళన్నీ ఒకే గట్టు దగ్గర నిలిచిపోయినట్టు, ఊరు ఊరంతా ఒకే అక్షరం దగ్గర నిలిచిపోయింది. ఆఖరికి బంగారి చెప్పింది. చెప్పి, రాజు మొహంలోకి చూసి, "తరవాతేటి మారాజా?" అంది.

రాజుకి తెలుసు కదా. కానీ ఒక రాయి మీద కూర్చుండిపోయాడు. దివానుతో అన్నాడట, అందరికీ ఒకటే కొలత పెట్టాను, అదే న్యాయమనుకున్నాను, కానీ నేను కొలిచింది పంటలనయ్యా, పిల్లల్ని కాదు అని.

అక్కడికక్కడే కొత్త ధర్మం. అన్ని ఊళ్ళ పదోవంతూ ఒకచోట చేరాలి. ముందు ప్రతి బడికీ ఏడాది పొడవునా పంతులు ఉండేంత గింజ వెళ్ళాలి. కొండెక్కి వచ్చే పంతులుకి ఇంకాస్త ఎక్కువ. ఎండిన బడికి ముందు తడి. మిగిలింది ఆ తరవాతే తక్కినవాళ్ళకి.

పెద్దనాయుడు ఊరుకున్నాడా? కొండ దిగి వచ్చాక తమ బడి ముందే నిలబడి, మా బడి పాడుచేస్తారా అని గింజుకున్నాడు. మా ముగ్గురు పంతుళ్ళలో ఎవర్ని పంపమంటారు, చెప్పండి చూద్దాం అన్నాడు. అందరూ చిలక వైపు చూశారు. కొన్నాళ్ళు కోడలితో పలకలేదు కూడా. కానీ ఎటు వెళ్ళినా జనం, ఎండిన మడికే ముందు తడి అన్నది మీరే కదా నాయుడుగారూ, అని నవ్వుతుంటే, అవును, నేనే అన్నాను, మహా గొప్పగా అన్నాను అని గొణుక్కుంటూ మెత్తబడ్డాడు. చిలక పంతులు కొండెక్కాడు. ఇన్నాళ్ళకి చెప్పడానికి మనుషులు దొరికారు ఆయనకి, పొద్దు తెలిసేది కాదు.

మళ్ళీ మాఘం వచ్చింది. గాదెలో గింజలున్నాయి. పిల్లలు చ ఛ జ ఝ ఞ అని, అలవాటుగా ఆగి, పంతులు సంచి వైపు చూశారు. ఆయన సంచి ముట్టుకోలేదు. ఇసుకలో వేలితో రాసి, "ట" అన్నాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ అన్నాడు. అప్పుడు బంగారి, మేకల వెంట పోకుండా మిగిలిన బంగారి, ముందుకు వంగి దాన్ని చూసింది. చూసి, "ట" అంది.

రోకళ్ళు ఆగిపోయాయి. గడ్డపారలు ఆగిపోయాయి. ట ఠ డ ఢ ణ అని బడిలోంచి వినబడుతుంటే, ఊళ్ళో ముసలీ ముతకా ఒక్కొక్కరే వచ్చి గోడ చుట్టూ నిలబడ్డారు. వాళ్ళ పెదవులు కదులుతున్నాయి. రాములమ్మ పళ్ళు లేని నోటితో ట అని చూసింది, డ అని చూసింది. పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుని, "ఇవి నా నోటికీ పడతన్నాయే!" అంది.

ఆవిడ అన్నీ నేర్చుకుందా అని అడుగుతున్నావా హాసినీ? లేదమ్మా. ణ వరకు నేర్చుకుంది. ఆ పైన ఆవిడకి పొద్దు చాల్లేదు. మిగతావి బంగారి నేర్చుకుంది, దాని పిల్లలు నేర్చుకున్నారు, అందరూ చల్లగా ఉన్నారు. మీరు కూడా రేపు ఎవరికైనా ఏదైనా పంచేటప్పుడు, చేతుల్లో ఎంతుందో కాదు, ఎవరి గిన్నె ఖాళీగా ఉందో చూసి పంచండి. అంతే.

తరుణ్ ఊ అనడం మానేశాడు. ఆ దుప్పటి వాడి కాళ్ళ మీదికి లాగు. కథ తన దారిన కంచికి నడుస్తోంది, మనం మన దారిన నిద్రలోకి పోదాం.