చలికాలపు ఇంటికి జామీను

కొండమీది చలికి తల్లి ఆయాసం ముదిరి మాట కూడా పెగలకపోతే, గొంగళ్లు నేసే చిలకమ్మ ఆమెను సముద్రపు ఒడ్డున ఉన్న వెచ్చని ఊరికి దింపుకొచ్చింది. శివరాత్రి దాకా ఉండడానికి ఖాళీగా ఉన్నది మునసబు జగ్గరాజు ఇల్లొక్కటే.

"వెచ్చదనం మరిగాక మీరు కదుల్తారుటే? వేసవికల్లా ఖాళీ చేస్తారని జామీను ఎవరు?" అన్నాడాయన మీసం దువ్వుతూ.

"మీ వేసవే దొరా!" అంది చిలకమ్మ. "చైత్రం రాగానే ఇక్కడి ఉక్కకు తాళలేక మీరే పల్లకీలో మా కొండెక్కుతారు. మీరే నిలవలేని చోట, చలిలో పుట్టినోళ్లం మేం నిలుస్తామా?"

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. జగ్గరాజు తాళంచెవి ఇచ్చేశాడు.

మూడోనాడు అరుగుమీద ముసలితల్లి కసిరింది: "పక్కకు జరగవే, ఎండకు అడ్డొస్తున్నావ్!"

ఆ తిట్టుకు చిలకమ్మ ప్రాణం లేచొచ్చింది.