చెవి ఒగ్గిన అదేటమ్మ తల్లి

గోరింటవలస దాటి జీడితోటల్లోంచి పైకి నడిస్తే అదేటమ్మ తల్లి కొండ వస్తుంది. ఈ కొండ ఎంత ఎత్తంటే, శ్రావణమాసపు మబ్బులు దీనికి గుద్దుకుని బొప్పి కట్టి మరీ వెళతాయి. పైన తల్లి రాతి రూపంలో వెలసి ఉంది. చేతిలో శూలం లేదు, కత్తి లేదు. కుడిచేయి చెవి వెనక దొప్పలా పట్టి, మెడ కాస్త వంచి, ఎవరో పిలుస్తుంటే వింటున్నట్టు ఉంటుంది. ముల్లోకాల్లో ఇటువంటి విగ్రహం రెండోది లేదు. ఉందని ఎవరైనా అంటే నమ్మకండి.

పూర్వం ఇక్కడ తల్లికి వేరే పేరుండేది. అది మహా శక్తి గల పేరు. పలికితే పొంగే పాలు ఆగిపోయేవి, పుట్టల్లోని పాములు తలలు బయటపెట్టి దండం పెట్టేవి. అందువల్ల ఆ పేరు ఘటం ఎత్తే ఇంటి ఆడవారికి మాత్రమే తెలియాలని కట్టడి. ఏటా పండగనాడు పొలిమేరలో ఒక్కసారి, ఎవరికీ వినపడకుండా పలకాలి. ఊరికి ఆపద వస్తే తప్ప మిగతా రోజుల్లో మనసులోనైనా తలవకూడదు. అత్త తాను పోయేముందు కోడలికి చెప్పాలి.

ఆ రోజుల్లో ఘటం ఎత్తేది గవరమ్మ అనే ముసలామె. ఆమె కోడలు చిన్నమ్మి. పేరు తన దగ్గరున్నంతకాలమే ఇంట్లో తన మాట చెల్లుతుందని గవరమ్మ నమ్మకం. కోడలు అడిగినప్పుడల్లా “నానింకా సావలేదే” అనేది.

ఇలా ఉండగా ఒక వేసవిలో చుట్టుపక్కల ఊళ్ళ మీద మాయజ్వరం పడింది. రోగి నుదుటి మీద జొన్నలు పోస్తే పేలాలయ్యేంత వేడి. గవరమ్మ మనవరాలు ముత్యాలు అప్పుడప్పుడే మాటలు నేరుస్తున్న పిల్ల. దానికీ జ్వరం తగిలి కళ్ళు తెరవడం మానేసింది. పేరు పెట్టి పిలిస్తే తల్లి పొలిమేరలో నిలబడి జ్వరాన్ని వెనక్కి తోలుతుంది. అందుకని ఊరు ఊరంతా గవరమ్మ వెంట పొలిమేరకు నడిచింది. చిన్నమ్మి పిల్లను భుజాన వేసుకుని వచ్చింది.

గవరమ్మ ఘటం నెత్తిన పెట్టుకుని నోరు తెరిచింది. పేరు రాలేదు. మనసులోనైనా తలవకుండా దాచిన పేరు, దాచిన చోటే ఎక్కడో పోయింది.

“పిలవవేటత్తా?” అంది చిన్నమ్మి.

“నోట్లోనే ఉందే. ఉండు, వస్తంది.”

“నాకు సెప్పమని ఎన్నిపాల్లు బతిమాలినాను!”

“నీకు సెప్పుంటే ఊరంతా సాటేసుందువు.”

“సాటేసుంటే ఇప్పుడు ఊరంతా పిలుద్దుము కదత్తా!”

జనం తలో పేరూ అందించబోయారు. పోలమ్మా? నూకాలమ్మా? ఆమె అదిరిపడింది. “నోర్ముయ్యండర్రా! ఆళ్ళు పక్కూళ్ళోళ్ళు. ఆళ్ళని పిలిస్తే ఈవిడ అలిగి పోద్ది!” అంతే, అందరూ నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. భుజం మీద పిల్ల ఊపిరి అంతకంతకు సన్నబడుతోంది. గవరమ్మకు పట్టిన చెమటకు ఎండిన వాగు పారిందని పెద్దలు చెబుతారు.

చివరికి ఆమె కొండవైపు తిరిగి గొంతు చించుకుంది. “ఓలమ్మా! అదేటి... అదేటమ్మా! నువ్వేనే! నువ్వెవరివో నీకు తెలీదేటి! నా పిల్లకి ఆ ఇది... ఆ ఇది తగ్గించవే!” జ్వరమనే మాట కూడా పాపం ఆమెకు తట్టలేదు.

ఆ కేకకు ఏడూళ్ళు దద్దరిల్లేలా కొండ పగిలింది. పగులులోంచి, చెవిన చేయి పెట్టుకుని, తల్లి వెలసింది. జ్వరాన్ని మోసుకుని ఊళ్ళోకి వస్తున్న వడగాలి అక్కడికక్కడే వెనుదిరిగింది. ముత్యాలు కళ్ళు తెరిచి, పక్కామె చంకలోని ముంతను చూపించి “అది” అంది. ముంతలో చోడంబలి, అంటే రాగి అంబలి, ఉంది. పిల్ల అంబలంతా తాగి ముంత కూడా నాకింది.

ఆ మధ్యాహ్నం చిన్నమ్మి పిల్ల పక్కన కునుకు తీయగా తల్లి కలలో కనిపించింది. మళ్ళీ ఇటువంటి గండం రాకూడదని చిన్నమ్మి చేతులు జోడించి, “నీ అసలు పేరేటో నాకైనా సెప్పమ్మా” అని వేడుకుంది.

తల్లి ఎడమచేత్తో తల గోక్కుంది.

“నాకూ గుర్తు లేదే చిన్నమ్మీ. ఏడాదికోపాలి, అదీ గుసగుసగా పిలిస్తే నాకు మాత్రం ఎలా గుర్తుంటాది? ఇనపడక సెవి ఒగ్గి ఒగ్గి నా సెయ్యి ఇలాగే ఉండిపోనాది. మీ అత్త పిలిచిన పేరే ఉంచుకుంటాను. దాసకండి. రోజూ పిలవండి.”

నాటి నుండి తల్లి అదేటమ్మ అయింది. ఈనాటికీ పూజ గవరమ్మ వంశపు అత్తాకోడళ్ళు కలిసే చేస్తారు. నైవేద్యం చోడంబలి. నివేదించేటప్పుడు దాని పేరు చెప్పరు, “అది తెచ్చామమ్మా” అంటారు. కోరికైనా అంతే. నోటికి రాని రోగాన్నీ, చెప్పుకోలేని దిగులునూ “అది” అని విన్నవించుకుంటే తల్లికి అర్థమవుతుంది.

దర్శనమయ్యాక భక్తులు కొండ అంచున నిలబడి ఇంటిల్లిపాదినీ పేరు పేరునా గట్టిగా పిలవాలి. మాటలు మానేసిన తోబుట్టువులనూ వదలకూడదు. ఇక్కడ భర్త పేరు పలికినా తప్పు లేదు. మధ్యలో ఎవరి పేరైనా తట్టకపోతే కంగారుపడి దిగిపోవద్దు. “అదేటమ్మా” అంటూ అక్కడే నిలబడితే పక్కనున్నవారు అందించవచ్చు. కోడలు అందిస్తే ఫలం రెట్టింపు.