మార్తాండ్ కోటు

"మాస్టారూ, ఒకరి ఒళ్లు చేతికి అలవాటైపోయాక అదే బట్ట ఇంకొకరికి తొడగడం తప్పు కాదా?"

వరహాలు ఈ ప్రశ్న అడిగింది గుమ్మంలో నిలబడి, మధ్యాహ్నం వేళ. చేతిమీద బూడిదరంగు కోటు ఉంది. అడిగింది మస్తానయ్య మాస్టారిని. ఆయన నలభై ఏళ్లు సినిమాలకు బట్టలు కత్తిరించి, చేతులు వణకడం మొదలయ్యాక కృష్ణానగర్‌లో, స్టూడియో వెనక సందులో, ఒంటిగదిలో ఉంటున్నాడు. వరహాలు ఆయన దగ్గరే సూది పట్టడం నేర్చుకున్నాడు. ఇప్పుడు అతనికీ యాభై దాటాయి. మాస్టారు కోటు వంక చూశాడు.

ఆ కోటు సంగతి కొంత చెప్పాలి. గూఢచారి మార్తాండ్ సినిమాలు ఎనిమిది వచ్చాయి. ఎనిమిదింటిలోనూ మార్తాండ్ వేషం కమలాకర్‌దే. ప్రతి సినిమాకూ మొదటిరోజు తీసే మొదటి షాట్ ఒక్కటే. బూడిదరంగు కోటు వేసుకున్న మనిషి కెమెరాకు వీపు పెట్టి నాలుగడుగులు నడిచి, ఆగి, తిరిగి చూస్తాడు. హాల్లో ఈలలన్నీ ఆ తిరగడానికే. తొలి సినిమాకు మాస్టారు కుట్టిన కోటునే చివరిదాకా వాడారు. నిర్మాతకు అది సెంటిమెంటు. పూజనాడు కాలరు లోపల పసుపు పెట్టించేవాడు, దానికి కత్తెర తగలనిచ్చేవాడు కాదు. కమలాకర్ పోయిన ఆరేళ్లకు ఇప్పుడు సాకేత్ అనే కొత్త నటుణ్ణి పెట్టి తొమ్మిదో సినిమా మొదలుపెట్టారు. మనిషి మారాడు, కోటు మాత్రం అదే.

ఆ కోటులో ఒక రహస్యం ఉంది. తొలి సినిమాలో మేడమీద నుంచి దూకినప్పుడు కమలాకర్ కుడి భుజం విరిగింది. అతుక్కుంది గాని, రెండో భుజం కంటే వేలెడు కిందికి దిగిపోయింది. మాస్టారు కోటు లోపల కుడివైపున దూది ప్యాడ్ పెట్టి, పైన అస్తరు కుట్టేసి, రెండు భుజాలూ సమం చేశాడు. ఎవరికీ చెప్పవద్దని కమలాకర్ అడిగితే, వరహాలు ఆయన చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చాడు. ఇరవై రెండేళ్లు ఆయనకు ఆ కోటు తొడిగినవాడు వరహాలే.

ఆ ఉదయం సాకేత్ కోటు తొడుక్కుంటే కుడి భుజం ఎగదన్నుకుని కనిపించింది. "భుజం దించు బాబూ" అన్నాడు దర్శకుడు. దించితే కోటు సరిగ్గా కూర్చునేది. తిరిగి చూసేసరికి మళ్లీ లేచేది. అలా పదకొండు టేకులయ్యాయి. నిర్మాత లేచి, అందరూ వినేట్టుగా, "వీణ్ణి కోటు ఒప్పుకోవడం లేదయ్యా" అన్నాడు. సాయంత్రంలోగా షాట్ ఓకే కాకపోతే ఇంకొకణ్ణి చూద్దామని మేనేజరుతో కూడా చెప్పేశాడు. ఏడేళ్లు చిన్నాచితకా వేషాలు వేసి ఇక్కడిదాకా వచ్చిన సాకేత్, అన్నం మానేసి అద్దం ముందు నిలబడి భుజం దించడం నేర్చుకుంటున్నాడు.

"ప్యాడ్ సంగతి చెప్పలేదా?" అన్నాడు మాస్టారు.

"ఎలా చెప్పను? మాట ఇచ్చాను కదండీ."

"అంతేనా?"

వరహాలు తల దించుకున్నాడు. "ఇంకోటుంది మాస్టారూ. కోటు లోపల భుజం దించితే మెడ కాస్త ఎడమకు వాలుతుంది చూడండి. ఆ మెడ ఆయనదే. వెనక నుంచి చూస్తే అచ్చం ఆయనే నిలబడ్డాడు. ఆరేళ్ల తర్వాత కనిపించాడు. టేకు చెడిపోతే అందరూ ఉసూరుమన్నారు. నాకు మాత్రం, పోన్లే, మళ్లీ చేస్తారు, మళ్లీ చూడొచ్చు అనిపించింది."

"అంటే పదకొండుసార్లు చూశావన్నమాట."

"పదకొండుసార్లు."

మాస్టారు కోటు వైపు చెయ్యి చూపాడు. "ఆ కోటు నువ్వు తొడుక్కో" అన్నాడు.

"నేనా!"

"ఇంతకాలం ఇంకొకరికి తొడిగావుగా. గుండీలు పెట్టుకోవడం రాదా?"

వరహాలు తొడుక్కున్నాడు. తొడుక్కోవడంతోనే అతని కుడి భుజం తనంతట తానే దిగిపోయింది. మెడ ఎడమకు వాలింది. కళ్లు మూసుకున్నాడు.

"కళ్లు తెరువు. ఆ కొక్కేనికి నా చొక్కా ఉంది, అందుకో."

కొక్కెం గోడమీద ఎత్తుగా ఉంది. వరహాలు భుజం దించినట్టే ఉంచి కుడిచెయ్యి చాచాడు. చొక్కా అంచు వేళ్లకు తగిలింది గాని చిక్కలేదు. మడమలెత్తి మళ్లీ చాచాడు. చిక్కలేదు.

"ఏమిరా, ఇంత పొట్టివాడివయ్యావు?" అన్నాడు మాస్టారు.

వరహాలు చెయ్యి అలాగే గాలిలో ఉంచి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత భుజం ఎత్తాడు. చొక్కా చేతికి వచ్చింది. పక్కనున్న అద్దంలో ఒక భుజం గూని లేచిన ముసలి దర్జీ ఒకడు కనిపించాడు. ఇంకెవరూ లేరు. అతను కోటు విప్పి మాస్టారి ముందు చాపమీద పరిచాడు.

"కత్తెర తగలకూడదన్నాడండీ నిర్మాత."

"కుట్టు విప్పడానికి కత్తెరెందుకు? సూది చాలు. నా చెయ్యి నిలవదు. నువ్వే కానీ."

వరహాలు అస్తరు కుట్లు ఒక్కొక్కటే విప్పాడు. ప్యాడ్ బయటికి వచ్చింది. దూది చెమటకు గోధుమరంగు తిరిగి, గట్టిపడి, అడుగువైపు భుజం ఎముక నొక్కిన చోట చిన్న గుంట పడి ఉంది. వరహాలు ఆ గుంటలో బొటనవేలు ఉంచాడు. సరిగ్గా పట్టింది. బయట సందులోంచి ప్రొడక్షన్ మనిషి "వరహాలన్నా, కోటు! కోటు!" అని అరుస్తున్నాడు. మాస్టారు తొందరపెట్టలేదు. వరహాలు తనంతట తానే ప్యాడ్ చాపమీద పెట్టి, అస్తరు మళ్లీ కుట్టి, దారం పళ్లతో కొరికి వెళ్లాడు.

సెట్‌లో కోటు తొడుగుతూ, "ఇక భుజం సంగతి మరిచిపోండి బాబూ" అని మాత్రం అన్నాడు. సాకేత్ నాలుగడుగులు నడిచాడు, ఆగాడు, తిరిగి చూశాడు. మొదటి టేకే ఓకే. నిర్మాత చప్పట్లు కొట్టి, "చూశారా, కోటు ఒప్పుకుంది!" అని అందరికీ మైసూరుపాకు పంచమన్నాడు. సాకేత్ వచ్చి వరహాలు రెండు చేతులూ పట్టుకుని, "ఏం చేశారన్నా దీన్ని?" అని అడిగాడు.

"దులిపానంతే" అన్నాడు వరహాలు.

సాయంత్రం అతను మళ్లీ మాస్టారి గదికి వచ్చాడు.

"షాట్ ఓకే అయిందండీ."

"ఊఁ."

"బాగా చేశాడు. తిరిగి చూస్తుంటే లైట్‌మెన్లు కూడా ఈలలేశారు. మార్తాండ్ వచ్చాడు, మార్తాండ్ వచ్చాడు అన్నారు అందరూ. భుజాలు సమంగా ఉన్నాయి, మెడ నిటారుగా ఉంది. మంచి పిల్లవాడు మాస్టారూ. నాకే..." అని ఆగిపోయాడు.

మాస్టారు చాపమీద కాస్త పక్కకు జరిగాడు.

"కమలాకర్ పోయిన రోజున నువ్వు వేరే సెట్‌లో యాభైమందికి పోలీసు బట్టలు తొడుగుతూ ఉండిపోయావు. ఇవాళ నీకు పనేమీ లేదు. కూర్చో" అన్నాడు.